ట్రోమ్సోలో బయల్దేరి ఫిన్లాండ్‌లో తేలాం: నార్తర్న్ లైట్స్ టూర్, నా అనుభవం

నార్వేలోని ట్రోమ్సో వెళ్ళొచ్చామని తెలియగానే అందరూ అడిగేవి రెండే. నార్తర్న్ లైట్స్ కనిపించాయా? ఎంతయ్యింది? కనిపించాయి. మనిషికి 1800 నార్వే క్రోన్లు, అంటే అప్పటి లెక్కలో పద్నాలుగు వేల పైచిలుకు రూపాయలు, అది కూడా ఒక్క రాత్రికి, విమానం, హోటల్ కాకుండా. కానీ టూర్ బుక్ చేసుకోబోయేవాళ్ళు అడగాల్సింది ఇంకోటుంది, అది ఎవరూ అడగరు: ఆ రాత్రి ఎంత దూరం తీసుకెళ్ళారు? మమ్మల్నైతే ఏకంగా పక్క దేశానికి తీసుకెళ్ళారు.

మేం ఉండేది నెదర్లాండ్స్‌లో. నాన్న ఒంగోలు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. 2024 మేలో పెద్ద సౌర తుపాను వచ్చినప్పుడు లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడిన ఫోటోలు వచ్చాయి కదా, అవి చూసినప్పటి నుంచి ఆయనకు ఈ నార్తర్న్ లైట్స్ పిచ్చి పట్టుకుంది. ఆ అక్టోబరులో సూర్యుడు తన 11 ఏళ్ళ చక్రంలో గరిష్ఠ దశకు చేరాడని నాసా వాళ్ళు ప్రకటించాక ఇంక ఊరుకోలేదు, "ఇప్పుడు చూడకపోతే మళ్ళీ ఇంత జోరు రావాలంటే నాకు డెబ్బై అయిదు దాటతాయి అమ్మాయ్" అని ఫోన్ చేసినప్పుడల్లా అదే పాట. అమ్మ మాత్రం ఆ చలికి నేను రానంటే రానని మా చిన్నోడి దగ్గర ఉండిపోయింది. మా ఆయనకు సెలవు దొరకలేదు. అలా 2025 మార్చి మొదట్లో నాన్న, నేను, ఇద్దరమే ఓస్లో మీదుగా ట్రోమ్సోలో దిగాం.

వీసా గురించి ఒక మాట, ఎందుకంటే దీని మీద మా చుట్టాల్లోనే బోలెడు అనుమానాలు. నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు కానీ షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే దేశాల కూటమిలో, ఉంది. నాన్న ఎక్కువ రోజులు ఉండేది మా ఇంట్లోనే కాబట్టి నెదర్లాండ్స్ నుంచే షెంగెన్ వీసా తీసుకున్నాం, అదే నార్వేకీ పనికొచ్చింది, ఫిన్లాండ్‌కీ పనికొచ్చింది. 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ వీసాకి ఎలాగూ తప్పనిసరి. ఆ కాగితాలన్నీ నాన్న ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్ని స్వెటర్ లోపల పెట్టుకుని తిరిగారు.

ఇంక అసలు విషయం. ట్రోమ్సో ఆర్కిటిక్ వలయానికి ఇంకా 350 కిలోమీటర్లు పైన ఉంది, దాదాపు 70 డిగ్రీల ఉత్తర అక్షాంశం. అరోరా, అంటే ఈ నార్తర్న్ లైట్స్, ఎక్కువగా కనిపించే వలయం సరిగ్గా ఆ ప్రాంతం మీదుగా పోతుంది. అంత పైన ఉన్నా, అట్లాంటిక్ వెచ్చటి ప్రవాహం తగులుతుంది కాబట్టి ఊళ్ళో మరీ గడ్డకట్టించే చలి ఉండదు, మేం దిగిన రోజు మైనస్ రెండు. వినడానికి బాగానే ఉంటుంది కానీ తిప్పలన్నీ అక్కడే. వెచ్చటి సముద్రం అంటే తేమ, తేమ అంటే మబ్బు. అరోరా మబ్బుకి చాలా పైన, వంద కిలోమీటర్ల ఎత్తున మొదలవుతుంది, మబ్బు పడితే పైన ఎంత తాండవం చేస్తున్నా మనకు కనిపించేది బూడిదరంగు ఆకాశమే. అందుకని అక్కడ టూర్ వాళ్ళు చేసేది అరోరాని వెతకడం కాదు, మబ్బు లేని చోటుని వెతకడం. మనం డబ్బు కట్టేది ఆ వెతుకులాటకి.

ఈ సంగతి ముందే తెలుసుకుంటే పెద్ద బస్సా, చిన్న వ్యానా అన్న సందేహమే రాదు. పెద్ద బస్సు టికెట్ దాదాపు సగం ధరకి వస్తుంది, యాభై మంది ఎక్కుతారు. వాళ్ళకీ గైడ్ ఉంటాడు, వాళ్ళూ మబ్బుల మ్యాప్ చూస్తారు. కానీ యాభై మందిని దించి, మళ్ళీ లెక్కపెట్టి ఎక్కించేసరికే అరగంట, పైగా ఇరుకు రోడ్ల మీద మంచులో అంత బస్సు వెనక్కి తిప్పడం కుదరదు, అందుకని ఆగే చోట్లు నాలుగైదే ఉంటాయి. మా వ్యాన్లో గైడ్ కాక ఎనిమిది మందిమి. రోడ్డు పక్కన కారు పట్టేంత చోటు కనిపిస్తే చాలు, ఆపేది, దిగి చూసేది, నచ్చకపోతే రెండు నిమిషాల్లో మళ్ళీ కదిలేది.

కారు అద్దెకు తీసుకుని మనమే వెళ్ళొచ్చు కదా అంటారు. వెళ్ళొచ్చు, వెళ్ళేవాళ్ళున్నారు. నాకు యూరప్‌లో కారు నడపడం అలవాటే అయినా గట్టిపడిన మంచు మీద, దీపాల్లేని కొండ దారిలో, అర్ధరాత్రి, పక్కన నాన్నని కూర్చోబెట్టుకుని, ఒక కన్ను ఆకాశం మీద పెట్టి నడిపేంత ధైర్యం లేదు, అవసరం కూడా అనిపించలేదు. దారిలో రెండు చోట్ల అద్దె కార్లు రోడ్డు పక్క మంచులో దిగబడి ఉండటం చూశాక ఆ టాపిక్ మళ్ళీ ఎత్తలేదు.

బుక్ చేసే ముందు మెసేజ్ పెట్టి కొన్ని అడిగాను. అవసరమైతే ఫిన్లాండ్ బోర్డర్ దాటతారా, ఎన్ని గంటలకని లెక్క, చలి సూట్లూ బూట్లూ ఇస్తారా, శాకాహారం ఉంటుందా, అరవై దాటిన మనిషి, షుగర్ ఉంది, బాత్రూం సంగతేమిటి. ఆ చివరి ప్రశ్నకి ఎవరు సూటిగా జవాబిస్తే వాళ్ళనే ఎంచుకోవాలని ముందే అనుకున్నాను. చాలామంది "కంగారు పడకండి" అని రాసి ఊరుకున్నారు. ఒకరు మాత్రం "దారిలో పెట్రోల్ బంకు దగ్గర ఒకసారి ఆపుతాం, ఆ తర్వాత చెట్లే, ఆయనకు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపుతాం" అని రాశారు. వాళ్ళకే డబ్బు కట్టాను. అరోరా కనిపించకపోతే డబ్బు వాపసు రాదు, అది చాలామంది దగ్గర అంతే. ఆకాశానికి ఎవరు పూచీ ఇస్తారు, అలా ఇస్తామన్నవాళ్ళ షరతులు ఒకటికి రెండుసార్లు చదవండి.

సాయంత్రం ఆరింటికి ఊరి మధ్యలో రమ్మన్నారు. గైడ్ స్పెయిన్ అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయేమో, డ్రైవరూ తనే, వంట మనిషీ తనే, ఫోటోగ్రాఫరూ తనే. వ్యాన్ వెనక తలుపు తీసి ఒక్కొక్కరిని పైనుంచి కిందికి చూసి సూట్ ఇచ్చేసింది, సైజు అడగనే లేదు. కింద థర్మల్స్, దాని మీద ఉన్ని స్వెటర్, దాని మీద మా జాకెట్, ఆ పైన ఈ సూట్, కాలి దగ్గర్నుంచి మెడ దాకా జిప్పు. బూట్లు మాత్రం కావాలనే ఒక సైజు పెద్దవి ఇచ్చింది. నాన్న రెండు జతల సాక్సులు వేసుకొస్తే ఒక జత విప్పించింది, సాక్సులు బిగుతుగా ఉంటే రక్తం ఆడదు, వేళ్ళ చుట్టూ కాస్త గాలి ఉంటేనే వెచ్చగా ఉంటుందట. నాన్న తలకి ఒంగోలు నుంచి తెచ్చుకున్న మంకీ క్యాప్ చూసి మాత్రం "ఇది ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది" అని అడిగింది. ఆ మాటతో ఆయన ఆ రాత్రంతా ఆమెని "మా స్పెయినమ్మాయి" అనే పిలిచారు.

బయల్దేరే ముందు ఫోన్లో మబ్బుల మ్యాప్ చూపించింది. యర్ అని నార్వే వాతావరణ శాఖ వాళ్ళ యాప్, అక్కడ అందరూ అదే చూస్తారు. ఊరి మీద, పడమటి దీవుల మీద మొత్తం మబ్బు. ఉత్తరాన ఒక చిన్న ఖాళీ ఉంది, దగ్గరే, కానీ అది రెండు గంటల్లో మూసుకుపోయేలా ఉంది. తూర్పున ఫిన్లాండ్ వైపు మాత్రం పూర్తిగా తెరుచుకుని ఉంది, వెళ్ళడానికే రెండున్నర గంటలు. "మీలో ఎవరికైనా రేపు పొద్దున్నే విమానం ఉందా" అని అడిగింది, ఎవరికీ లేదు, "అయితే ఫిన్లాండ్" అంది. పాస్‌పోర్టులు ఉన్నాయో లేదో చూసుకోమంది. నాన్న స్వెటర్ లోపలి కవర్ అప్పుడు బయటకొచ్చింది.

వ్యాన్లో ఒకతను, ఈ రోజు కేపీ రెండే ఉంది, వేస్ట్ కదా అన్నాడు. కేపీ అంటే భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కల్లోలంగా ఉందో చెప్పే అంకె, సున్నా నుంచి తొమ్మిది దాకా. గైడ్ నవ్వి, కేపీ ఎక్కువుండాల్సింది జర్మనీలో కూర్చుని చూడాలనుకునేవాళ్ళకి, మనం వలయం కిందే ఉన్నాం, ఇక్కడ రెండైనా చాలు, నేను చూసేది బీజెడ్ అంది. సూర్యుడి నుంచి వచ్చే గాలి తనతో పాటు అయస్కాంత క్షేత్రాన్ని మోసుకొస్తుంది, అది దక్షిణానికి తిరిగి ఉంటే, అంటే బీజెడ్ మైనస్‌లో ఉంటే, భూమి క్షేత్రంతో కలిసిపోయి ఆ శక్తి లోపలికి దారి చేసుకుంటుంది. ఈ అంకె ముందే ఎలా తెలుస్తుందంటే, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో సూర్యుడి వైపు ఎల్1 అనే చోట ఉపగ్రహాలు కాపలా ఉన్నాయి, అక్కడ దాటిన గాలి మన దగ్గరికి రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఎల్1 అనగానే నాన్న ముందుకు వంగారు. "మా ఆదిత్య కూడా అక్కడే ఉంది, చెప్పు అమ్మాయ్ ఆవిడకి, 2023 సెప్టెంబరు 2న మా శ్రీహరికోట నుంచే పంపించాం" అని. చెప్పాను. శ్రీహరికోట మీ ఊరికి ఎంత దూరం అని ఆమె అడిగితే ఆయన రైలు లెక్క, రోడ్డు లెక్క రెండూ చెప్పారు.

ఆమె కూడా తక్కువది కాదు. పర్సులోంచి ఒక పాత 200 క్రోన్ల నోటు తీసి వెనక్కి పంపింది. దాని మీద క్రిస్టియాన్ బిర్కెలాండ్ బొమ్మ. సూర్యుడి నుంచి వచ్చే కణాలు భూమి ధ్రువాల దగ్గరికి చేరి ఈ వెలుగు పుట్టిస్తున్నాయని వందేళ్ళ క్రితమే చెప్పి, గాలి తీసేసిన గాజు పెట్టెలో అయస్కాంతం ఉన్న చిన్న గోళాన్ని పెట్టి చూపించినాయన. 2017లో కొత్త నోటు వచ్చినప్పుడు ఆయన్ని తీసేసి కాడ్ చేప బొమ్మ వేశారట. "చేపకి ఓటెక్కువ" అన్నారు నాన్న.

దారి గురించి పెద్దగా చెప్పడానికి లేదు, చీకటి, మంచు, ఫియోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) పక్కనే రోడ్డు. నూర్షోస్‌బోత్న్ అనే చిన్న ఊళ్ళో పెట్రోల్ బంకు దగ్గర ఆపింది. అందరూ బాత్రూంకి వెళ్ళండి, రాకపోయినా వెళ్ళండి అంది. తను మాత్రం బంకు లైట్లకి దూరంగా నడిచి తల ఎత్తి నిలబడింది, వచ్చి "ఇంకా లేవు" అంది. నక్షత్రాల గురించి. షీబోత్న్ దాటి కొండెక్కుతుంటే కిటికీలోంచి ఒక చుక్క, రెండు చుక్కలు, తర్వాత ఒక్కసారిగా ఆకాశం నిండా. వ్యాన్లో అందరం గట్టిగా అరిచాం, అరోరాకి కాదు, చుక్కలకే. బోర్డర్ దగ్గర ఎవరూ ఆపలేదు, ఒక బోర్డు, అంతే. ఫోన్లో టైం మాత్రం ఒక గంట ముందుకి దూకింది, ఫిన్లాండ్ నార్వే కంటే గంట ముందుంటుంది. షుగర్ మాత్ర టైం లెక్క తప్పకుండా నాన్న చేతి గడియారాన్ని మార్చలేదు.

కిల్పిస్‌యార్వి అనే ఊరి దగ్గర, గడ్డకట్టిన సరస్సు పక్కన ఆపింది. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ మూడూ కలిసే చోటు అక్కడికి దగ్గరే. తలుపు తీయగానే ముక్కు లోపలి వెంట్రుకలు గడ్డకట్టడం తెలుస్తుంది, నిజంగా తెలుస్తుంది, ఊపిరి పీల్చినప్పుడల్లా చిన్న చురుకు. వ్యాన్ మీటర్లో మైనస్ 19. రెండు నిమిషాల్లో నాన్న మీసం తెల్లబడిపోయింది.

ఏమీ లేదు. ఉత్తరం వైపు కొండ మీద సన్నగా, అడ్డంగా ఒక తెల్లటి చార, పల్చటి మబ్బు అనుకుని వదిలేస్తాం. గైడ్ కెమెరా పెట్టి ఆరు సెకన్లు ఆగి తెర చూపించింది. పచ్చగా ఉంది. ఇక్కడ నిజం చెప్పాలి, ఎందుకంటే ఫోటోలు చూసి వెళ్ళేవాళ్ళు నిరాశపడేది ఇక్కడే. బలహీనంగా ఉన్నప్పుడు కంటికి రంగు కనపడదు, బూడిదలా ఉంటుంది. కంట్లో చీకట్లో పనిచేసే దండకణాలకి రంగు తెలియదు, రంగు తెలిసే శంకుకణాలకి అంత తక్కువ వెలుగు చాలదు, కెమెరా అయితే సెకన్ల పాటు వెలుగుని పోగుచేసుకుంటుంది. నాన్న ఇది మిగతావాళ్ళకి క్లాసు చెప్పినట్టే చెప్పారు, నేను ఇంగ్లీషులో అందించాను.

ఆ చార అలాగే గంట సేపు ఉంది. గైడ్ మంచులో గొయ్యి చేసి కట్టెలు పేర్చి మంట వేసింది, రెయిన్‌డీర్ తోళ్ళు పరిచింది. మాకు వేడినీళ్ళు పోస్తే తయారయ్యే కూరగాయల సూప్ పాకెట్లు, మిగతావాళ్ళకి మాంసం, అందరికీ హాట్ చాక్లెట్. మా జంతికల డబ్బా తీస్తే మంట చుట్టూ ఒక తిరుగు తిరిగి ఖాళీగా వచ్చింది. అంత చలిలో కదలకుండా నిలబడితే పాదాలు ముందు పోతాయి, అందుకని ప్రతి పది నిమిషాలకీ మమ్మల్ని సరస్సు ఒడ్డు దాకా నడిపించి తెచ్చేది. ఈ లోపు అక్కడ ఇంకో గుంపు వచ్చి హెడ్‌లైట్లు వేసుకుని నిలబడింది. ఆమె వెళ్ళి మర్యాదగానే ఏదో చెప్పింది, ఆర్పేశారు. చీకటికి కళ్ళు అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడితే పాడవడానికి ఒక్క ఫ్లాష్ చాలు, ఫోన్ వెలుతురు కూడా తగ్గించి పెట్టుకోవాలి.

నార్వే టైం పదకొండు దాటాక ఫోన్ చూసుకుని "బీజెడ్ మైనస్ అయ్యింది, గిన్నెలు కింద పెట్టండి" అంది. నేను సూప్ తాగుతూనే ఉన్నాను. ఆ చార తూర్పు వైపు లావెక్కింది. అంచులో చిన్న మడత పడింది. ఆ మడత ఆకాశం ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెత్తింది, దాని వెనక ఇంకోటి, అప్పటికి అది కంటికే పచ్చగా ఉంది, కెమెరా అక్కర్లేదు. "ఆరేసిన పంచె గాలికి ఊగుతున్నట్టుందే" అన్నారు నాన్న. తర్వాత అది మా నెత్తి మీదకొచ్చింది. నెత్తి మీదకొస్తే తెరలా కనపడదు, నిట్టనిలువు గీతలన్నీ ఒకే చోట నుంచి చుట్టూ విరజిమ్మినట్టు ఉంటుంది, ఎటు చూడాలో తెలీదు. కింది అంచు గులాబీ రంగులోకి మారి అటూ ఇటూ కొట్టుకుంది, కొద్ది సెకన్లే. మంచు మీద పచ్చటి వెలుగు పడింది. అప్పటికే మూడు నాలుగు రోజుల చంద్రుడు ఆకాశంలో ఉన్నా దాన్నెవరూ పట్టించుకోలేదు.

నాన్న మాట్లాడటం మానేశారు, ఇది మా ఇంట్లో వార్త. కాసేపటికి మళ్ళీ మొదలుపెట్టారు. ఆకుపచ్చ ఆక్సిజన్‌ది, వంద నుంచి నూటయాభై కిలోమీటర్ల ఎత్తులో. కింద గులాబీ నైట్రోజన్‌ది. ఎరుపు కూడా ఆక్సిజన్‌దే కానీ రెండొందల కిలోమీటర్ల పైన మాత్రమే, ఎందుకంటే ఆ ఎరుపు వెలుగు ఇవ్వడానికి పరమాణువుకి నిమిషానికి పైగా వ్యవధి కావాలి, కిందైతే ఈలోపే పక్కదానికి గుద్దుకుని శక్తి పోగొట్టుకుంటుంది. "హాన్లేలో వాళ్ళు చూసిన ఎరుపు అదేనమ్మా, ఎక్కడో ఉత్తరాన అంత ఎత్తులో ఉన్నది కాబట్టే అక్కడిదాకా కనిపించింది." ఆ మాట చెబుతూ ఆయన తల దించలేదు, మెడ పట్టేసి రెండు రోజులు నూనె రాసుకున్నారు.

ఈ జోరంతా ఇరవై నిమిషాలు ఉండి ఉంటుంది. తర్వాత మచ్చలు మచ్చలుగా విడిపోయి వెలుగుతూ ఆరుతూ ఉంది, అదీ బాగుంటుంది, కానీ అప్పటికి అందరికీ చలి తెలిసింది.

ఫోటోల సంగతి. ఫోన్ లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకోకపోతే బ్యాటరీ అరవై శాతం నుంచి నేరుగా ఆగిపోతుంది, మా గుంపులో ఇద్దరికి అలాగే అయ్యింది. ట్రైపాడ్ మీద పెట్టి నైట్ మోడ్‌లో తీస్తే కొత్త ఫోన్లు బాగానే తీస్తాయి. కెమెరా ఉన్నవాళ్ళకి ఆమె పెట్టించింది ఎఫ్ 2.8, ఐఎస్ఓ 1600 నుంచి 3200, నాలుగు నుంచి ఎనిమిది సెకన్లు, ఫోకస్ చేత్తో ఒక నక్షత్రం మీద. అరోరా వేగంగా కదిలితే రెండు సెకన్లకి తగ్గించమంది, లేకపోతే మడతలన్నీ కలిసిపోయి పచ్చటి మసక మిగులుతుంది. కెమెరాని తిరిగి వ్యాన్లోకి తెచ్చే ముందు బయటే కవర్లో పెట్టి మూసేయాలి, లేకపోతే వెచ్చటి గాలికి లెన్స్ లోపల కూడా చెమ్మ పడుతుంది. మన ఫోటో గైడే తీస్తుంది, మీరు రెండు సెకన్లు బిగదీసుకుని నిలబడితే చాలు. నాన్న ఊపిరి కూడా బిగబట్టారు.

తిరుగు ప్రయాణంలో అందరూ నిద్ర, నేను మాత్రం ఆమె పక్క సీట్లో కూర్చుని కబుర్లు చెప్తూ వచ్చాను, ఎందుకంటే అర్ధరాత్రి మంచు రోడ్డు మీద డ్రైవర్‌ని ఒంటరిగా వదలడం మన బస్సు ప్రయాణాల అలవాటు ఒప్పుకోదు. తెల్లవారుజామున మూడు కావస్తుండగా హోటల్ దగ్గర దించింది. ట్రోమ్సోలో అప్పుడు కూడా మబ్బే, సన్నగా మంచు పడుతోంది.

పొద్దున టిఫిన్ దగ్గర పుణె నుంచి వచ్చిన ఒక కుటుంబం కలిసింది. ముందు రాత్రి వాళ్ళూ వెళ్ళారు, పెద్ద బస్సులో. ఊరికి గంట దూరంలో మబ్బు కిందే మూడు గంటలు నిలబెట్టి తీసుకొచ్చేశారట, ఆ రోజే వాళ్ళ తిరుగు విమానం. నాన్న ఉత్సాహంగా ఫోన్ తీసి ఫోటోలు చూపించబోతుంటే బల్ల కింద కాలు తొక్కి ఆపాను. ఆయన ఫోన్ పక్కన పెట్టి, వాళ్ళబ్బాయి పదో తరగతి అని తెలుసుకుని, బీజెడ్ అంటే ఏమిటో పేపర్ నాప్కిన్ మీద గీసి చెప్పడం మొదలుపెట్టారు. వాళ్ళ ఎయిర్‌పోర్ట్ బస్సు వచ్చేదాకా ఆ పిల్లాడిని వదల్లేదు.